అమ్మని పలుపు

దేవరకొండ బస్సుల నా పక్కన కూసున్న ముసలాయన ఒళ్ళె పశువును కట్టే పలుపు పెట్టుకొని, దాన్నే నిమురుతుండె.

"ఎద్దునమ్మినవా కాకా?" అనడిగిన.

"అంగట్ల అమ్మిన బిడ్డా. దాని జోడుది నిరుడే పాయె. పలుపు మాత్రం ఇయ్యలే. ఎద్దుతోని పలుపిస్తే కొట్టంల లక్ష్మి పోతదంటరు."

"మరి ఎవుసం?"

"మా నాయినకు సర్కారిచ్చిన గుట్ట భూమి. రాళ్ళేరుకుంటనే నాయిన పాయె. నేను బోరేస్తే నీళ్ళు పడలే, దుబ్బ లేసింది. ఇప్పుడు గుట్టనే పగులగొట్టి కంకర చేస్తున్నరు. ఆ దుమ్ముకు చేన్ల గడ్డి సుత మొలుస్తలేదు. ఎద్దుకు ఏం పెట్టి సాదాలె?"

"వానలు పడి కాలమైతే మళ్ళ కొంటవు తియ్యి కాకా," అన్న. ఆయన పలుపు దిక్కు చూసిండు.

గుట్ట కాడ ఆయన దిగిపోయినంక చూస్తే, పలుపు సీటు మీదనే ఉంది. దాన్ని కిటికీల నుంచి చాపి, "కాకా, పలుపు మర్సినవ్!" అని మొత్తుకున్న.

ఆయన మళ్ళి చూసిండు.

"మర్వలే బిడ్డా. మీ ఇంట్ల పశువుంటే కట్టుకో," అని, ఆ తెల్లటి దుమ్ములకు నడుసుకుంట పోయిండు.

మా ఇంట్ల కొట్టం కూలి చానేండ్లాయె. ఆ పలుపు ఇంకా దండెం మీదనే ఉంది.