వైరు అమ్మింది నేనే

మిర్యాలగూడలో మాది మోటార్లు, వైర్ల షాపు. నెల కిందట వేములపల్లి శ్రీను వచ్చి, ఇంట్లో బిట్‌కాయిన్ మైనింగ్ పెడుతున్నానని లావు వైరు తీసుకెళ్లాడు. తర్వాత ఇంటి కరెంటు బిల్లుకు భయపడి, ఆ కాయిన్లు తీసే మిషన్‌ను పొలం మోటారు కొట్టంలోకి మార్చాడట. అక్కడ కరెంటు ఉచితం కదా. అది పగలూ రాత్రీ ఆగకుండా నడిచింది. అప్పటికే నిండా మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మర్ మొన్న కాలిపోయింది.

ఈ రోజు శ్రీను ఆ మిషన్‌ను సంచిలో పట్టుకొచ్చి, "అన్నా, జర ఎవరికన్న అమ్మిపెట్టరాదే" అన్నాడు. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటారున్న అతని పక్క పొలం యాదయ్య అప్పటికే షాపులో కూర్చుని ఉన్నాడు. కరెంటు వచ్చేదాకా బావి మీద పెట్టడానికి డీజిల్ ఇంజన్ కిరాయికి దొరుకుతుందేమోనని వచ్చాడు.

"గిదేనా ఆ మిషన్? ఏమన్న పైసలు వచ్చినయారా?" అని యాదయ్య అడిగాడు.

"ఇంక ఏం రాలే పెదనాయినా."

"నా వరి పొట్టకొచ్చింది బిడ్డా. మూడు దినాలాయె నీళ్లు లేక."

శ్రీను సంచి మూతి ముడేసి పక్కన పెట్టాడు. నేను ఇంజన్ కోసం ఫోన్ తీశాను. ఇంట్లో అంత కరెంటు బిల్లు కట్టగలవా అని ఆ రోజు నేను శ్రీనును అడగలేదు. ఇక వైరు దేనికి, ఏ కనెక్షన్‌కని కొనే అందరినీ అడుగుతా, విసుక్కోకండి.

సాయంత్రం దాకా ఫోన్లు చేసినా ఈ చుట్టుపక్కల ఇంజన్ దొరకలేదు. హాలియా వైపు ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉంటే కామెంట్లో చెప్పండి. తెచ్చుకోవడానికి శ్రీనే ట్రాక్టర్ తోలుకొస్తాడు.