నరం పక్కన గింజంత ఇనుము

గుడివాడలో బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి ఎవరో ఆవిడ కేక వేసింది. "ఏవండీ పెద్దాయనా, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయిందండీ!"

చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. నడివేసవి మధ్యాహ్నం, తారు మెత్తబడి ఉంది. కాలికి చురుక్కుమనలేదు సరికదా, చెప్పు జారిన సంగతే తెలియలేదు. గుడ్లవల్లేరులో పెళ్ళికి వెళ్తున్నాం. పక్కన మా ఆవిడ సత్యవతి ఉంది కాబట్టి ఛాతీ విరుచుకుని, "మిలటరీ కాలు ఇది! వేడికి లొంగదు" అన్నాను.

"లొంగకపోతే మానె, లేవదేమండీ? వేళ్ళు నేలకి రాసుకుంటున్నాయి చూడండి" అంది.

నిజమే. పాదం పైకి లేవడం లేదు. పెళ్ళి నుంచి వచ్చాక ఆస్పత్రికి వెళ్తే, డాక్టరుగారు పాదాన్ని అటూ ఇటూ వంచి చూసి "ఫుట్ డ్రాప్" అన్నారు. నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించారు. కాలికి కరెంటు పెట్టి చూసే పరీక్ష అది. తర్వాత ఎమ్మారై రాశారు. ఆ గది గుమ్మంలో ఒక అమ్మాయి ఆపి, "ఒంట్లో మెటల్ ఏమైనా ఉందా తాతగారూ?" అంది.

ఆహా! ఈ ప్రశ్న కోసమే కదా నేను ఇన్నేళ్ళూ బతికింది!

"ఒకటా రెండా తల్లీ! శ్రీలంక వెళ్ళిన మన సైన్యంలో ఉన్నాను నేను. ఏడు ముక్కలు దిగాయి, ఎదురురొమ్మున!"

ఆ పిల్ల హడలిపోయి ఎమ్మారై ఆపించింది. ఎక్స్‌రే తీశారు. ఫిల్ము వెలుగుకి పెట్టి చూసిన డాక్టరుగారు, "ఒకటే ఉందండీ. బియ్యపు గింజంత. అదీ రొమ్ములో కాదు, కుడి పిరుదులో" అన్నారు. సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

చదివేవాళ్ళకి అసలు సంగతి చెప్పేస్తాను. అక్కడ నేను రేషన్ లారీ డ్రైవర్ని. తుపాకీ ఇచ్చారు గానీ పేల్చే పని పడలేదు. ఒకరోజు లారీ ఆపి, వంగుని చక్రం నట్లు బిగిస్తుంటే వెనకాల రోడ్డు మీద మందుపాతర పేలింది. తగిలింది ఈ గింజ.

సీటీ స్కాన్ చూసి డాక్టరుగారు ఇలా అన్నారు. "ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఇప్పుడు దాని చుట్టూ కండ గట్టిపడి సయాటిక్ నెర్వ్‌ని, అంటే కాల్లోకి దిగే పెద్ద నరాన్ని, నొక్కుతోంది. తీసేద్దాం. పాదం లేస్తుందా అంటే, ఛాన్స్ ఉంది. గ్యారంటీ లేదు."

బందరులో ఆపరేషన్ అయింది. వార్డులో పక్క మంచం మీద సెల్వం అనే మనిషి, యాభైకి దగ్గర్లో ఉంటాడు. కృత్తివెన్ను రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్. గట్టు మీద జారి మోకాలికి ఆపరేషన్ అయింది. తెలుగు బాగానే మాట్లాడతాడు, కాస్త తమిళ యాస. నేను వచ్చేపోయేవాళ్ళందరికీ యుద్ధం కథ చెబుతుంటే పైకప్పు వైపు చూస్తూ వినేవాడు. ఒకరోజు మా క్యాంపు ఉన్న ఊరి పేరు నా నోట వచ్చింది.

"ఆ ఊరి బడిలోనా సార్ మీ క్యాంపు?" అన్నాడు లేచి కూర్చుని. "అది నేను చదువుకున్న బడి."

చిన్నప్పుడే తల్లితో పడవెక్కి రామేశ్వరం చేరాడట. శరణార్థుల క్యాంపులో పెరిగాడట. "బడి పక్కన ఏతాం బావి, దానికి ఎదురుగా నీలం తలుపుల ఇల్లు. మాదే. మా అమ్మమ్మ ఇల్లు వదిలి రానంది. తర్వాత ఏమైందో తెలీదు. మీరు చూశారా సార్?"

ఆ మొహం చూసి ఉండబట్టలేకపోయాను. మన వైపు రోగిని చూడ్డానికి వెళ్తే, లోపల ఏమున్నా "ఏం కాదు, నిక్షేపంగా ఉన్నావు" అని వస్తాం కదా. ఆ అలవాటే నోట్లోంచి వచ్చింది. "చూడకపోవడమేంటి తమ్ముడూ! ఇల్లు నిక్షేపంగా ఉంది. మీ అమ్మమ్మగారు మాకు మజ్జిగ కూడా పోసింది!"

సెల్వం ఏడుస్తూ నవ్వుతూ తమిళనాడులో ఉన్న తల్లికి ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు. ఆవిడ గబగబా ఏదో అడిగింది. నాకు లంకలో నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కలు వచ్చు. సెల్వం తెలుగులో చెప్పకముందే అర్థమైంది. "మా అమ్మ అప్పుడు తిండి తింటోందా? సన్నబడిందా?"

ఎన్ని కోతలు కోసిన నాలుక! అక్కడ ఆగిపోయింది.

"సెల్వం, చెప్పు మీ అమ్మకి. నేను పెద్దావిడని చూడలేదు. మేం వెళ్ళేసరికి ఊరు ఖాళీ. మీ ఇంటికి పైకప్పు లేదు. నీలం తలుపు మాత్రం ఉంది. నేను తుపాకీ పేల్చినవాణ్ణి కాదు, లారీ తోలినవాణ్ణి. వానలో నా లారీ దిగబడితే ఆ తలుపు మేమే ఊడదీసి చక్రం కింద వేశాం."

అతను అమ్మకి చెప్పాడు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

"తుపాకీ పేల్చలేదు, లారీయే కదా తోలాను అనుకుంటున్నారేమో. ఆ లారీ మా ఇంటి మీదనుంచే వెళ్ళింది సార్."

తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరం ఒకేసారి ఫిజియోథెరపీకి వెళ్ళేవాళ్ళం. ఇక నాతో రానన్నాడు. నాకూ కాలు కదపబుద్ధి కాలేదు. ఫిజియో అబ్బాయి వస్తే రేపు చూద్దాంలే అనేవాణ్ణి. కుట్ల దగ్గర సలుపు మొదలైంది, ఒళ్ళు వెచ్చబడింది. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు, "నొప్పి పదికి ఎంతండీ?" అన్నారు.

"సున్నా! మిలటరీ ఒళ్ళండీ ఇది."

"అబద్ధం డాక్టర్!" పక్క మంచం మీంచి కేక. "పొద్దుట్నుంచి పళ్ళు బిగించి మూలుగుతున్నాడు ఈయన. ముందు కట్టు విప్పి చూడండి!"

విప్పితే లోపల చీము. "ఇన్‌ఫెక్షన్. ఇంకాస్త ఆలస్యమైతే నరం దాకా పోయేది" అన్నారు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి శుభ్రం చేశారు. యాంటీబయాటిక్స్ ఎక్కించారు. మంచానికి తిరిగొచ్చాక సెల్వంకి దణ్ణం పెట్టబోయాను.

"అదొద్దు సార్. మా ఇంటి సంగతి వచ్చేసరికి పెంచి చెప్పారు, మీ నొప్పి దగ్గరికొచ్చేసరికి తగ్గించారు. మీతో చాలా కష్టం" అని, ఫోను నా చేతికిచ్చాడు. "అమ్మ. ఆ తలుపు సంగతి ఇంకోసారి చెప్పమంటోంది. ఏమీ కలపకుండా చెప్పండి."

చెప్పాను. వాన, బురద, తలుపు. సెల్వం స్పీకర్ పెట్టి తమిళంలో అందించాడు. అంతా విని ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. "విరిగిందా?"

"లేదమ్మా. లారీ నిండా బియ్యం బస్తాలున్నాయి. అయినా విరగలేదు."

"వేపచెక్క. మా నాన్న చేయించాడు" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. సెల్వం కూడా చెప్పలేదు. క్షమించారా అని నేనూ అడగలేదు. అడిగితే, మర్యాద కోసమైనా అవునంటారేమోనని భయం.

ఇప్పుడు పాదం లేస్తోందండోయ్! పూర్తిగా లేస్తోందని రాయబోయాను గానీ సత్యవతి పక్కనే ఉంది. సగం పైన లేస్తోంది. దూరం నడవాలంటే ప్లాస్టిక్ స్ప్లింట్ తొడుక్కుంటాను. మొన్న మా ఊరు అవనిగడ్డ నుంచి కృత్తివెన్ను వెళ్ళి సెల్వం వాళ్ళింట్లో పీతల కూరతో అన్నం తిన్నాం. వాళ్ళమ్మగారు కూడా వచ్చి ఉన్నారు. ఆవిడ నాతో పెద్దగా మాట్లాడలేదు. నేను చెయ్యి కడుక్కోబోతుంటే మాత్రం, ఇంకా అన్నం ఉందని సైగ చేసి మళ్ళీ కూర్చోబెట్టింది.

రోజూ పొద్దున్నే సెల్వం వీడియో కాల్ చేస్తాడు. అతను మోకాలు వంచుతాడు, నేను పాదం ఎత్తుతాను. ఎగ్గొట్టి చేశానంటే ఊరుకోడు, "కెమెరా కిందికి పెట్టండి సార్, చూపించండి" అంటాడు. అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఫిజియోథెరపీ ఒంటరిగా చేయకండి, తోడు పెట్టుకోండి. ఆ తోడు మిమ్మల్ని మెచ్చుకునే మనిషి కానక్కర్లేదు. మీ మాట ఊరికే నమ్మేయని మనిషైతే చాలు.