కిటికీ దగ్గర అడగని మాట

రేవు పక్క ఆసుపత్రి మందుల కిటికీలో సలనియేతా కూర్చుందంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని ఉండేవాళ్ళు. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఇన్సులిన్‌కి వచ్చినవాళ్ళు పాత ఖాళీ సీసా తేవాలి. అది చూసి, పేరడిగి, ఆ పైన ఇంకో ప్రశ్న వేసేది.

"తెల్లదా, తేటదా?"

పాలలా తెల్లగా ఉండేది నిదానంగా రోజంతా పనిచేస్తుంది. నీళ్ళలా తేటగా ఉండేది వేసుకున్న కాసేపటికే తిండి పడకపోతే మనిషిని పడేస్తుంది. సీసాలు చూడ్డానికి దాదాపు ఒకటే, మూత రంగులో తేడా.

"ఏమే సలా, ఎప్పుడూ అడిగిందే అడుగుతావు, మతిమరుపా?" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

"నాక్కాదమ్మా, మీ మొగుళ్ళకి. పెళ్ళాం పుట్టినరోజే గుర్తుండదు, మందేం గుర్తుంటుంది? చెప్పు, తెల్లదా, తేటదా?"

ఒక్క మనిషిని మాత్రం ఆమె ఏనాడూ అడగలేదు. సొంత అన్న ఇసిరేలిని. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం మా ఫిజీ ఊళ్ళలో పాతకాలపు మర్యాద. పగేమీ కాదు, గౌరవం. నవూనీ ఊరి నుంచి ఇసిరేలి పడవలో వచ్చి, ఖాళీ సీసా కిటికీ గట్టు మీద పెట్టి తల దించుకునేవాడు. ఆమె అలాంటిదే కొత్తది పెట్టి తల తిప్పుకునేది. తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

ఆ మందు వదిన విలిమైనాకి. వదినంటే సలనియేతాకి ప్రాణం. అన్నతో మాట్లాడలేని కబుర్లన్నీ వదినతోనే చెప్పుకునేది. నవూనీలో ఆ వీధి మొత్తానికి ఫ్రిజ్ విలిమైనా ఇంట్లోనే ఉంది. పక్కింటి ముసలమ్మ కెలేరా ఇన్సులిన్ సీసా కూడా అందులోనే దాచేవాళ్ళు. అయినవాళ్ళు అడిగితే లేదనడం ఆ ఇంటావంటా లేదు.

ఒక శుక్రవారం పడవ కదిలిపోతోందని ఇసిరేలి హడావిడిగా ఫ్రిజ్ మీదున్న ఖాళీ సీసా జేబులో వేసుకుని పరిగెత్తాడు. అది కెలేరాది.

కిటికీ దగ్గర సలనియేతా దాన్ని చూసింది. తేటది. వదిన వాడేది తెల్లది కదా అని మనసులో తట్టింది. ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఎదురుగా అన్న తల దించుకుని ఉన్నాడు, వెనక వరసలో సగం ఊరుంది. డాక్టరు మార్చాడేమోలే అనుకుని మాట మింగేసింది. వరసలో ఉన్న ఎవరినైనా పిలిచి అడిగించినా సరిపోయేది. ఆ మర్యాద మంటగలవ! గొప్పదే, నేను కాదనను, కానీ ఆ పూట అది ఒక మనిషిని మింగింది.

మర్నాడు పొద్దున్నే విలిమైనా సీసాని ఎంత కదిపినా తెల్లబడలేదు.

"ఇదేంటయ్యా, నీళ్ళలా ఉంది?" అంది మొగుడితో. అతను నోరు తెరిచేలోగా తనే, "మీ చెల్లెలిచ్చిందిగా, తప్పెలా ఉంటుంది? మందు మార్చుంటారు" అని, రోజూ వేసుకునేంతా వేసుకుంది.

ఎప్పటిలాగే చాప ఒక వరస అల్లాక తిందామని కూర్చుంది. పొయ్యి మీద కర్రపెండలం ఉడికేసరికి ఆ చాప మీదే ఒరిగిపోయింది. అలిసి కునుకు తీస్తోందనుకుని కోడలు దుప్పటి కప్పింది. పడవలో రేవుకి చేర్చేసరికి ప్రాణం లేదు.

పై ఆఫీసువాళ్ళు వచ్చి అన్నీ రాసుకుని, హెచ్చరించి వదిలేశారు. సలనియేతా, క్షమాపణకి మావాళ్ళు ఇచ్చే తిమింగలం పన్ను పట్టుకుని, తలొంచుకుని అన్న గుమ్మంలోకి వెళ్ళి తప్పు ఒప్పుకుంది. ఒప్పుకోవడం కూడా ఆమె నోటితో కాదు. ఆమె తరఫున ఒక పెద్దమనిషి మాట్లాడాడు, అన్న తరఫున ఇంకో పెద్దమనిషి "క్షమించాం, ఇక్కడితో పాతిపెట్టేశాం" అన్నాడు. ఇసిరేలి పన్ను అందుకుని గుండెకి హత్తుకుని ఏడ్చాడు. చెల్లెలి వైపు చూడలేదు. తనను తను క్షమించుకోవడానికి ఏ పెద్దమనిషిని పంపాలో సలనియేతాకి తెలియలేదు.

నాలుగు నెలల తర్వాత, కెలేరా మందు కోసం ఇసిరేలి మళ్ళీ వచ్చాడు. ఖాళీ సీసా గట్టు మీద పెట్టి తల దించుకున్నాడు.

సలనియేతా కొత్త సీసా తియ్యలేదు.

"అన్నా, ఎవరికి?"

"సిగ్గులేదుటే, అన్నతో మాట్లాడతావా!" అని వెనకనుంచి ఒక ముసలాయన గదమాయించాడు.

"నువ్వూరుకో తాతా. పేరు చెప్తేగానీ ఇవ్వను, అన్నా."

ఇసిరేలి తలెత్తాడు. చిన్నతనం దాటాక చెల్లెలి కళ్ళలోకి అతను చూడడం అదే మొదలు.

"విలిమైనా" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా పడవెక్కినప్పుడల్లా మనసులో పెట్టుకుని వచ్చిన పేరు. ఎవరూ అడక్క లోపలే ఉండిపోయింది. అన్నాక అతనికే తెలిసొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సలనియేతా గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది.

"తెల్లదా అన్నా, తేటదా?"

"తెల్లదమ్మా" అన్నాడు ఇసిరేలి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. "తెల్లది."

ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నాక, ఆమె గట్టు మీది సీసా చూపించి, ఎవరికని మళ్ళీ మొదటినుంచి అడిగింది.