బారెడెత్తు వెలుగు

మా వైపు ఆకాశాన్ని చేత్తో కొలుస్తారు. పొద్దు మూరెడెక్కింది అంటాం, బారెడెక్కింది అంటాం. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు కూడా ఆ లెక్క వచ్చు. దాన్ని వాయుసేన అధికారికి హిందీలో చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం చెమటలు పట్టాయి.

అది డెబ్బై రెండు ఎండాకాలం. యుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది. మోటారు సైకిల్ చప్పుడైనా జనం పైకి చూసేవారు. పటాన్‌చెరు దగ్గర మా ఇంటి వెనకే కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో నేను కూలి పని చేసేవాడిని. సాయంత్రాలు చిమ్నీ పక్కన పెద్ద వెలుగు నిలుస్తోందని, తను సైకిల్ తొక్కితే వెంట వస్తోందని, ఆగితే ఆగుతోందని ఫ్యాక్టరీ కావలివాడు పోలీసులకు చెప్పాడు.

"నీ ఎంబడి రానీకి నీ పెండ్లామే ఒప్పుకోదు, గా వెలుగెందుకొస్తదే అన్నా?" అన్నాను. రాయి తీసుకుని వెంటపడ్డాడు. పోలీసుల నుంచి మాట వాయుసేనకు చేరింది.

నిజానికి ఆ వెలుగును ముందు చూసింది మా వదిన. చలికాలంలో ఆమె కొడుకు జ్వరంతో పోయాడు. పది దినాలైనా కాకముందే, పొద్దుగూకాక పడమట అది కనిపించింది. వాడే వచ్చాడంది. అప్పటినుంచి ఆ వెలుగు దిగేదాకా ముద్ద ముట్టేది కాదు.

"వాడు పండుకున్నంక తింట, మీరు తినుండ్రి" అనేది.

రోజురోజుకూ అది ఇంకాస్త పైన కనిపించేది, ఇంకాస్త ఆలస్యంగా దిగేది. ఆమె తిండి కూడా వెనక్కి పోతూ వచ్చింది. మనిషి చిక్కి సగమైంది. అందరినీ ఆటపట్టించే నా నోరు వాకిట్లో ఆమె దగ్గర లేచేది కాదు.

ఒక సాయంత్రం వాయుసేన అధికారి జీపులో వచ్చాడు. ఉత్తరాది మేస్త్రీల తిట్లు తింటూ నేర్చుకున్న నా హిందీ అప్పుడు పనికొచ్చింది. వెలుగును చూసినవాళ్ళను ఆయన ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాడు. అందర్నీ కలిపి అడిగితే అందరూ ఒకటే చూసినట్టు చెబుతారట. శబ్దం వచ్చిందా? మబ్బు పడితే కనిపించిందా? ఏ దిక్కున దిగింది?

"బారెడెత్తు" అన్నాడు కావలివాడు.

"దో హాథ్ ఊపర్" అన్నాను నేను, బారంటే రెండు చేతులు చాపినంత కనుక.

"దేని మీద? గోడ మీదా?" అని అధికారి నన్ను ఎగాదిగా చూశాడు.

చివరికి కావలివాడి చెయ్యి చాపించి, అది ఎంత వాలులో ఉందో చూసి రాసుకున్నాడు. ఆ వేళప్పుడు ఇటుగా విమానాలేవీ పోవడం లేదని ముందే కనుక్కొని వచ్చాడట. వెలుగు కనపడగానే మమ్మల్ని కదలొద్దని చెప్పి, చిమ్నీ కొసకు దాన్ని గురి చూడమన్నాడు. మెల్లమెల్లగా అది కొస వెనక్కి జారింది, అన్ని చుక్కల్లాగే.

"శుక్ర్ హై" అన్నాడు. గ్రహమట. చాలా దూరాన ఉంటుంది గనుక మనం కదిలితే వెంట వచ్చినట్టే ఉంటుందట. వానలొచ్చే వేళకు పడమట కనిపించకుండా పోయి, ఆ తర్వాత తెల్లవారుజామున తూర్పున వస్తుందట. కావలివాడికి ప్రాణం లేచొచ్చింది.

వాకిట్లోంచి వదిన మా దగ్గరికొచ్చింది. "ఏమంటుండు మరిదీ?"

శుక్రుడంటే ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన మాట ఒక్కటే నా దగ్గరుంది.

"వేగుసుక్కనంట వదినా."

"వేగుసుక్కనా?" ఆమె పడమటికి చూసింది. "మా అమ్మ దాన్ని సూసే నన్ను లేపేది, పొద్దుగాల వాకిట్ల సానుపు సల్లనీకి. గది నా పెండ్లికి ముందు సంది ఉన్నదే గద."

ఏమందని అధికారి అడిగాడు. చెప్పాను, పోయిన పిల్లాడి సంగతితో సహా.

"మరి మా పోరడు యాడున్నట్టు? అడుగు" అంది.

అడిగాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బిడ్డ ఎంతవాడని అడిగాడు. నేను తెలుగులో చెప్పేలోపే ఆమెకు అర్థమైంది.

"నడక సుత రాలె సార్" అంది. "గంత దూరం ఒక్కడే ఎట్ల పోయిండా అని నేను గూడ అనుకుంటనే ఉన్న."