వడియాల మేడ మీద సోలారు: అరసవల్లి నుంచి గజపతినగరం దాకా

అరసవల్లి దాటాక మూడు కిలోమీటర్లలో ఉన్న పల్లె మాది. మేడ మీద సోలారు పలకలు పెట్టుకోవడానికి ప్రభుత్వ పథకం కింద బ్యాంకు అప్పిస్తోంది. మాకిచ్చిన కొటేషన్ రెండు లక్షలు. పదో వంతు మేం కట్టుకుంటే తక్కినది అప్పు, బిగించాక డెబ్భై ఎనిమిది వేలు సబ్సిడీ. సోమవారం సంతకం. లెక్క నాకు నచ్చింది, మేడ సంగతే తేలలేదు. ఏడాదికి సరిపడా వడియాలు, అప్పడాలు, మిరపకాయలు ఎండేది అక్కడే. పలకలు పరిచేస్తే ఎండెక్కడిది? "మేడ నీది. సూసొచ్చి సెప్పు, కాదంటే మానేద్దాం" అన్నారు మా ఆయన. ఆయన అక్క, అంటే మా వదిన, గజపతినగరం దగ్గర పల్లెలో నిరుడే పెట్టించింది. టేపు, మా మేడ కొలతల కాగితం సంచిలో వేసుకుని గురువారం బయల్దేరాను.

ఆరుంపావుకి షేరాటో, ఇరవై రూపాయలు. శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆరూ నలభైకి బస్సు దొరికింది. ఆధార్ చూపించాను, ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. ఎనిమిదిన్నరకి విజయనగరంలో దిగి, ముప్పై రూపాయల ఇడ్లీ తిని, ఇంకో బస్సులో పది కాకుండానే గజపతినగరం చేరాను. అక్కడినుంచి ఆటో నలభై. ఎక్కణ్ణుంచి, ఎందుకొచ్చానో చెబితే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "సూర్యనారాయణస్వామిని పక్కన పెట్టుకుని, ఎండ సూడ్డానికి మా ఊరొచ్చేవేటమ్మా?"

వదిన కాఫీ కూడా ఇవ్వకుండా మేడెక్కించింది. పలకలు ఉత్తరం పిట్టగోడ వైపు, మనిషెత్తు ఇనుప కాళ్ళ మీద ఉన్నాయి. దక్షిణం సగం ఖాళీ, అక్కడ పాత చీర మీద గుమ్మడి వడియాలు. నాకు ఆనందం ఆగలేదు. ఇంత ఎత్తెందుకని అడిగితే వదిన నవ్వింది. మొదట నేలబారుగానే పెట్టారట. మూడు నెలలైనా బిల్లు అనుకున్నంత తగ్గలేదు. మిస్త్రీ ఎక్కి చూస్తే పలకల నిండా వడియాలు, పక్కన వాళ్ళ అత్తగారు.

"సర్కారోళ్ళు వడియాలకి మంచి ఏటవాలు బల్లేసారనుకున్నాను. గచ్చు మీదకన్నా బేగి ఎండీవి" అంది ఆవిడ, ఇప్పటికీ కోపంగానే.

"అందుకే అత్త సెయ్యందనంత ఎత్తు లేపించాం. పద్దెనిమిది వేలు సేతిలోంచే పోయాయి. ముందే కొటేషన్లో రాయించుంటే అప్పులోనే వచ్చీది" అంది వదిన.

టేపు తీసి కొలిచాను. పలకలకి మూడు వందల చదరపు అడుగులు చాలు. మా మేడ ఏడు వందలు. పైగా పలకల నీడ పడే చోట, మేడ కింద గది మధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. అన్నం తిని రెండింటికి బయల్దేరి, దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉన్నాను.

దారి పొడుగునా బస్సు కిటికీలోంచి మేడలే చూశాను. ప్రతి మేడ మీదా ఏదో ఒకటి ఎండుతూనే ఉంది. ఆ మేడలన్నీ రోజూ వాడుకునేది ఆడవాళ్ళే, అప్పు కాగితాలు రాసేటప్పుడు మాత్రం వాళ్ళని ఎవరూ పైకి పిలవరు. వచ్చేటప్పుడు వదిన అత్తగారు చేతిలో పెట్టిన పొట్లంలోని నిరుటి వడియాలు రాత్రి వేయించాను. మా ఆయన తిని బాగున్నాయన్నారు. సోలారు మీద ఎండినవేనని చెప్పి, ఎత్తు కాళ్ళ ఖర్చు కూడా కొటేషన్లో రాయిస్తే సోమవారం సంతకానికి సరేనన్నాను.

మీరూ ఈ అప్పు తీసుకుంటుంటే, కొటేషన్ రాయించే ముందే మీ ఇంట్లో వడియాలు పెట్టే మనిషిని మేడెక్కించి అడగండి. ఎత్తు కాళ్ళ ఖర్చు అందులోనే రాయించండి.