భాయ్ లోపలికి రాని శుక్రవారం

సౌదీలోని హాయిల్‌లో నాకు అదే చివరి శుక్రవారం. ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ వీసా పడింది, టికెట్ చేతికొచ్చింది, అట్టపెట్టెలకు తాళ్లు కూడా బిగించేశాను. ఇన్నేళ్లూ ఈ దేశంలో విల్లాల గోడలకు ప్లాస్టరింగ్ చేయడమే తప్ప, చూడటానికని ఒక్క చోటికీ పోయింది లేదు. పోయేలోపు ఒక్కటంటే ఒక్క చోటైనా భాయ్‌తో కలిసి చూడాలని పట్టుబట్టాను.

భాయ్ అంటే నా రూమ్మేటు. కడప మనిషి, కంపెనీ బండి డ్రైవరు. నేను జగిత్యాల వాణ్ణి. అతను రాగిసంగటి కెలికితే నేను పచ్చిపులుసు కలిపేవాణ్ణి. కారం ఎక్కువైందని నేనూ, చింతపండు ఎక్కువైందని అతనూ పోట్లాడుకోని రోజు లేదు. నాకు జ్వరం వస్తే మాత్రం తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చునేది అతనే. ఇంత చేసీ మేము కలిసి ఉన్నదంతా గదిలోనే, లేదంటే సైటుకు పోయే బండిలోనే. ఏ పనీ పెట్టుకోకుండా ఇద్దరం పక్కపక్కన నడిచిన రోజు ఒక్కటీ లేదు. ఆ ఒక్క రోజు నాకు కావాలనిపించింది.

ఫోన్‌లో అల్ ఉలా దగ్గరి హెగ్రా బొమ్మలు చూశాను. ఎడారిలో కొండలను చెక్కి కట్టిన పాతకాలపు మహల్లు. రోమన్ల సైన్యం కూడా కొన్నాళ్లు అక్కడ కాపలా ఉందట. సైటు ఇంజనీరును బతిమాలి రెండు టికెట్లు తీయించాను. భాయ్‌కి అల్ ఉలా పోదామని మాత్రమే చెప్పాను. అక్కడి పాత మట్టి ఊరు చూపిస్తానని అతను అనుకున్నాడు. నేనూ సరిచేయలేదు, అక్కడికి చేరాక సంతోషపడతాడులే అనుకున్నాను.

పొద్దున్నే బయలుదేరాం. దారిలో ఒక చిన్న మసీదు దగ్గర అతను జుమ్మా నమాజు చదువుకున్నాడు, నేను బండిలో కునుకు తీశాను. మధ్యాహ్నం దాటాక టూరిస్టు బస్సులు ఎక్కించే చోటికి చేరాం. అక్కడి బోర్డు చూసి భాయ్ బండి ఆపేశాడు. ఇది మదాయిన్ సాలెహ్ కదా అన్నాడు. అవును, హెగ్రాకు ఇక్కడోళ్లు పిలిచే పేరు అదే అన్నాను. తాను రానన్నాడు.

ఎందుకని అడిగితే నిదానంగా చెప్పాడు. సాలెహ్ ప్రవక్త మాట వినని జనం దేవుడి శిక్ష పడి నాశనమైన చోటట. అక్కడ వేడుకగా తిరగకూడదట. పోతే ఏడుస్తూ పోవాలి, లేకపోతే అసలు పోకూడదు అని వాళ్ల నాయనమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పేదట.

నాకు చర్రున కోపం వచ్చింది. "గింత దూరం బండి నడిపిచ్చుకుంట వచ్చి గేటుకాడ కూసుంటవా భాయ్? ఏడ్సుకుంటనే పోవాలంటే ఏడ్వు, ఎవడొద్దన్నడు?" అన్నాను. బస్సు దగ్గర నిలబడ్డ గైడు అమ్మాయి కూడా ముసల్మానే కదా, రోజూ లోపలికి పోతోంది కదా అని కూడా అన్నాను. ఎవరి నమ్మకం వాళ్లదన్నాడు. అంతటితో ఊరుకోలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టమన్నది ఎవరని అడిగాడు. ఇన్నేళ్లలో నేను పెట్టమన్న ప్రతిసారీ పెట్టాడు, ఒక్కసారీ నవ్వలేదు.  అయినా నా కోపం తగ్గలేదు, విసురుగా దిగి బస్సెక్కాను.

లోపల చూడాల్సిందే. ఇసుకలోంచి లేచిన ఒక్కొక్క రాతి గుట్ట ముఖాన్నీ నున్నగా చెక్కి, స్తంభాలు, మెట్ల వరుసలు, గద్దలు తీర్చారు. వీటిని ఖసర్ అంటారని, అంటే మహల్ అని గైడు చెప్పింది. తీరా చూస్తే అవన్నీ సమాధులు. విడిగా నిలబడ్డ పెద్దదొకటి కింది సగం ముగియకుండానే ఉండిపోయింది. పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారట. మేమూ గోడకు ప్లాస్టరింగ్ పై నుంచే దించుకుంటూ వస్తాం. ఆ పని ఎందుకు ఆగిందో గైడుకూ తెలియదు. వాళ్లకు ఎగ్జిట్ కొట్టేశారేమో అని భాయ్‌తో అందామని పక్కకు తిరిగాను. పక్కన ఎవరో చైనా ఆయన ఫోటోలు తీసుకుంటున్నాడు.

ఒక మిట్ట మీద రోమన్ల కోట పునాదులు చూపించారు. మోకాలెత్తు రాళ్ల వరుసలు, అంతే. రోమ్ ఎక్కడ, ఈ ఇసుక ఎక్కడ. వాళ్లను పనికి తెచ్చుకున్న యజమాని, అంటే కఫీల్, అంత దూరాన రోమ్‌లో కూర్చున్నాడన్నమాట అనుకుంటే నవ్వొచ్చింది. ఆ సిపాయిలు కూడా ఇలాగే గదికి ఇంతమందని పడుకున్నారా, ఉప్పు దగ్గర పోట్లాడుకున్నారా అనిపించింది. ఇవన్నీ అడగాల్సిన మనిషి గేటు బయట ఉన్నాడు. ఎంత బాగున్నా మనసు నిలవలేదు. గైడు ఖర్జూరాలు, కాఫీ ఇస్తే భాయ్ కోసం నాలుగు ఖర్జూరాలు జేబులో వేసుకున్నాను, అంతలోనే ఇక్కడివి తింటాడో తినడో అని మళ్లీ కోపం వచ్చింది.

బయటికి వచ్చేసరికి భాయ్ బండి అద్దాలు తుడుస్తున్నాడు. ఖర్జూరాలు ఇస్తే మారు మాట్లాడకుండా తిన్నాడు. బండి కదిలాక, ఎట్లుందో చెప్పన్నా అన్నాడు. చెప్పకుండా బిగుసుకుని కూర్చుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. గద్దల గురించి చెప్పాను, సగంలో ఆగిన పని గురించి చెప్పాను, రోమ్‌లో ఉన్న కఫీల్ గురించి చెప్పాను. ఎప్పుడూ ముందు నవ్వేది అతనే. ఈసారి నవ్వలేదు. ఊ కొట్టడం కూడా మానేశాడు.

"ఇంటున్నవా లేదా? అంత మంచిగుంటే ఒక్కన్నే చూసొచ్చిన. మనిద్దరం ఇంకెన్నడు పోతం?" అని అరిచాను.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఆడికి ఏడుస్తా పోవల్లన్నా. నిన్ను ఎయిర్‌పోర్టులో దించేదాకా ఏడవగూడదని ఈ వారమంతా గట్టిగా పట్టుకోనుండా. ఆడ మొదలుపెట్టింటే మళ్ల నిలబెట్టుకోలేను" అన్నాడు.

 ఏడ్వు, ఎవడొద్దన్నడు అన్న నోరు నాదే. బండి పక్కకు ఆపు భాయ్ అన్నాను.

ఆపలేదు. ఆపితే ఇక నడపలేనన్నాడు.