గుద్దుకున్నాక

ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఊళ్లో, ఒక కార్టూన్ స్టూడియోలో ఆర్మెల్ మెడలో ఎప్పుడూ ఒక స్టాప్‌వాచీ, బల్ల మీద గడ్డం గీసుకునే అద్దం ఉంటాయి. బడి నుంచి గెంటేసిన ఐదుగురు పిల్లలు డొక్కు వ్యోమనౌకలో గ్రహాలు తిరిగే సీరియల్‌లో నవ్వించే ఘట్టాలన్నీ ఆయనే గీస్తాడు. గీసే ముందు ఆ పాత్ర పెట్టాల్సిన మొహం అద్దంలో తాను పెట్టి చూసుకుంటాడు. యాభై ఆరేళ్ల బుగ్గలు ఉబ్బుతాయి, కనుబొమలు నుదుటి పైకి పాకుతాయి. ఆయన నవ్వగా మాత్రం ఎవరూ చూడలేదు.

మొన్న, పిల్లల్లో చిన్నవాడు నౌక తలుపుకు గుద్దుకునే ఘట్టం చూసి దర్శకురాలు సొలేన్ పెదవి విరిచింది. "నొప్పే కనిపిస్తోంది ఆర్మెల్, నవ్వు రావట్లేదు," అంది. ఆయన లేచి నడవలోకి వెళ్లి గాజు తలుపుకు ముక్కుతో గుద్దుకున్నాడు. మళ్లీ గుద్దుకున్నాడు. మూడోసారికి, తలుపు తుడవడానికొచ్చిన జోస్యాన్ బకెట్ కింద పెట్టి పకపకా నవ్వింది.

"ఎక్కడ నవ్వొచ్చింది మీకు?" అన్నాడు ముక్కు పట్టుకునే.

"గుద్దుకున్నందుకు కాదండీ. గుద్దుకున్నాక ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశారే, అందుకు. ఇక ఆ ముక్కు మరకలు నేనే తుడవాలి."

ఆర్మెల్ అదే చూపు మళ్లీ చూసి వాచీతో కొలిచాడు. ఒకటిన్నర సెకను. చిన్నవాడు అలా చూసేలా, సెకనుకు ఇరవై నాలుగు లెక్కన ముప్పై ఆరు బొమ్మలు కొత్తగా గీశాడు.

శుక్రవారం ఆ ఘట్టం తెర మీద వేసి చూపిస్తే గదంతా గొల్లున నవ్వింది. ఆయన అలవాటుగా తెరకు వీపు పెట్టి, జనం నవ్వు ఎంతసేపుందో వాచీలో చూస్తున్నాడు. నవ్వుతూ ముందుకు వంగిన సొలేన్, ముందు కుర్చీకి నుదురు కొట్టుకుని గబుక్కున అటూ ఇటూ చూసింది. ఆర్మెల్‌కి కిసుక్కున నవ్వొచ్చేసింది. వెంటనే నోరు మూసుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు.